ఆపదలోనున్న పశువునకు ఏ ఛాయాపరీక్ష క్షేమము?

మధుర, హోసూరు, బళ్ళారి, షోలాపురము, బరంపురము, యానాము - మనవారు తరతరములుగా స్థిరపడిన ఊరు ఏదైనను, పాడియావునో గేదెనో కుక్కనో పిల్లినో ఇంటి మనుష్యులతో సమముగా చూచుకొను కుటుంబములు అచట తప్పక కలవు. అట్టి మూగజీవికి హఠాత్తుగా ప్రాణము మీదికి వచ్చినప్పుడు, వైద్యశాల గడప దాటిన వెంటనే మనము అడుగునది "ఎక్సురే తీయుడు, స్కాను చేయుడు" అనియే. వైద్యుడు "ఇప్పుడు కాదు, కొంచె మాగుడు" అనినచో మనకు అనుమానము పొడసూపును. ఆలస్యము చేయుచున్నాడనియో, యంత్రము పాడైనది కాబోలుననియో తలంతుము. ఆ "ఆగుడు" అను మాట వెనుకనున్న ఆలోచనను వివరించుటయే ఈ వ్యాసోద్దేశము. పశువు అను పదమును ఇందు కుక్క, పిల్లి మొదలగు వానికిని కలిపి వాడుచున్నాను.

"క్షేమకరమైన పరీక్ష" అనగానే మనకు మొదట తోచునది కిరణముల భయము. అది నిర్హేతుకము కాదు గాని, ఆపదలోనున్న పశువు విషయమున అది ప్రధానమును కాదు. ఒకటి రెండు ఎక్సురే చిత్రములకు వలసిన కిరణములవలన ఆ పశువునకు కలుగు హాని మిక్కిలి స్వల్పము. అంతకంటె దానిని వెల్లకిల పరుండబెట్టుట, కాళ్లు లాగి పట్టుట, కదలకుండుటకై మత్తుమం దిచ్చుట, ప్రాణవాయువు అందు చోటినుండి వేరొక గదికి మోసికొని పోవుట - ఇవియే దానిని చంపగలవు. మనిషికి "ఊపిరి బిగపట్టుము, కదలకుము" అని చెప్పవచ్చును. పశువునకు చెప్పుటెట్లు? కావున పశువైద్యమున ప్రతి ఛాయాపరీక్షయు ఎంతో కొంత బలప్రయోగముతో కూడినదే. ఆ బలమును ఆ క్షణమున ఆ పశువు తట్టుకొనగలదా, ఆ పరీక్షవలన చికిత్సలో ఏమైన మార్పు వచ్చునా అను రెండు ప్రశ్నలకు సమాధానము దొరకిన పిదపనే యంత్రము జోలికి పోవలెను.

యంత్రములను గూర్చి రెండు మాటలు. 1895లో రాంట్జెన్ కనుగొన్న ఎక్సు కిరణములు ఎముకను, లోహమును, వాయువును చక్కగా వేరుపరచి చూపును. నీటిని, మెత్తని కండను మాత్రము ఒకే తీరుగా చూపును. అల్ట్రాసౌండు కిరణము కాదు, మన చెవికి వినరాని ధ్వని. అది నీటిని, మెత్తని అవయవములను, వాని కదలికను చూపును గాని గాలిని, ఎముకను దాటి చూడజాలదు. ఇవి రెండును ఒకదాని లోపమును మరియొకటి పూరించునవి. సి.టి. యంత్రము ఎక్సు కిరణములతోనే శరీరమును పొరలు పొరలుగా చూపును. ఎం.ఆర్.ఐ. బలమైన అయస్కాంతముతో పనిచేయును. మన ఇండ్లలో ఈ చివరి మూడింటిని కలిపి "స్కాను" అనియే వ్యవహరించుట వలన, ఒకటి చేయుడనగా మరియొకటి చేసిరని వైద్యునితో పేచీ పడువారు కలరు. ఏ స్కాను అని అడిగి తెలిసికొనుట మంచిది.

అన్నిటికంటె అపాయకరమైన స్థితి ఊపిరాడకపోవుట. ఒక పిల్లి నోరు తెరచి, మెడ చాచి, ప్రక్కలు ఎగురవేయుచు శ్వాసించుచున్నదనుకొందము. పిల్లి నోరు తెరచి ఊపిరి తీసినదనగా దాని శక్తి దాదాపు తుదకు వచ్చినదని గ్రహింపవలెను. దానిని ఎక్సురే బల్లమీద వెల్లకిల పరుండబెట్టినచో, రొమ్ములో చేరిన నీరో గాలియో మిగిలియున్న ఊపిరితిత్తులను అదిమివేయును. చిత్రము తీయులోపలనే ప్రాణము పోవచ్చును. ఇట్టి పిల్లిని మొదట ప్రాణవాయువు నింపిన పెట్టెలో నుంచి, ఎవరును తాకక, గదిలో సద్దు లేకుండ కొంతసేపు విడువవలెను. తేరుకొన్న పిమ్మట, అది తనంతట తాను కూర్చున్న భంగిమలోనే, వెండ్రుకలు గొరుగకుండ, కొంచెము స్పిరిటు అద్ది, అల్ట్రాసౌండు పలకను రొమ్మున కానించి చూడవచ్చును. ఊపిరితిత్తి పొర రొమ్ముగోడ వెంట జారుచు కదలుచున్నచో ఆ చోట గాలి చేరలేదని తెలియును. నల్లని ఖాళీవలె కనబడినచో అది నీరు.

నీరు కనబడినచో తరువాత చేయవలసినది చిత్రము కాదు, సూదితో ఆ నీటిని తీయుట. ఆ నీరు తీయుటవలన పిల్లికి ఊపిరి యాడును, ఆ నీటిని పరీక్షించుటవలన రోగమును కొంత తెలియును. ఎక్సురే అటుపిమ్మట. నీరు తొలగిన తరువాత తీసిన చిత్రములో ఊపిరితిత్తులు, గుండె స్పష్టముగా కనబడును. ముందు తీసియున్నచో నీటి తెలుపు అన్నిటిని కప్పివేసి యుండెడిది. తొందరపడి తీసిన చిత్రము అపాయకరమగుటయే గాక నిరుపయోగమును అగును. అప్పుడైనను వెల్లకిల పరుండబెట్టక, బోరగిల ఉంచియే తీయవలెను. స్పిరిటు విషయమున ఒక హెచ్చరిక: అది మండు పదార్థము. గుండెకు విద్యుత్తు ఇయ్యవలసిన స్థితి రావచ్చునని తోచినచో దానిని వాడరాదు.

వాహనము ఢీకొన్న కుక్కను గూర్చి చూతము. కాలు విరిగి వ్రేలాడుచుండును. యజమాని చూపంతయు ఆ కాలిమీదనే. "ముందు కాలికి ఎక్సురే తీయుడు" అని పట్టుపట్టును. విరిగిన కాలు ఒకటి రెండు దినములు ఆగగలదు. కడుపులో కారుచున్న రక్తము ఆగదు. 2004లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక అధ్యయనమున, వాహనములు ఢీకొన్న 100 కుక్కల కడుపులను అల్ట్రాసౌండుతో త్వరత్వరగా పరీక్షింపగా 45 కుక్కలలో ఉండరాని ద్రవము కనబడినది. అనగా పైకి కానరాని గాయము దాదాపు సగమునకు కలదన్నమాట. అప్పటినుండి ఈ పద్ధతి పశువైద్యులలో వ్యాపించినది. కడుపుపై నాలుగు చోట్ల మాత్రమే చూతురు: కాలేయమునకును ఉదరవితానమునకును నడుమ, ప్లీహము ఎడమ మూత్రపిండము కలియు చోట, మూత్రాశయము వద్ద, కుడి మూత్రపిండము కాలేయము ప్రక్కన. ఉదరవితానమనగా రొమ్మునకు కడుపునకు అడ్డుగోడవలె నున్న కండరపు పొర. ఎన్ని చోట్ల ద్రవము కనబడినదో లెక్కించి సున్న మొదలు నాలుగు వరకు అంకె వేయుదురు. ఇందులకు కొద్ది నిమిషములే పట్టును. కుక్క ప్రక్కకు పరుండిన చోటనే, నరములోనికి ద్రవములు ఎక్కుచుండగనే, ఈ పరీక్ష జరుగును. చికిత్స ఒక్క క్షణమును ఆగదు.

ఒకసారి చూచి ఏమియు లేదని వదలుటయు ప్రమాదమే. వచ్చినప్పుడు రక్తపోటు పడిపోయియుండుటవలన రక్తము కారకపోవచ్చును. ద్రవములు ఎక్కి రక్తపోటు కోలుకొన్న పిదప కారనారంభించును. కావున కొన్ని గంటల తరువాత మరల చూతురు. అంకె పెరిగినచో రక్తస్రావము సాగుచున్నదని యర్థము. "ఒకే స్కానును రెండుమార్లు చేసి సొమ్ము గుంజుచున్నారు" అని అనుకొనువారు ఈ సంగతిని గమనింపవలెను. ఇంకొక చిక్కు కలదు. అల్ట్రాసౌండునకు ద్రవము కనబడును గాని అది రక్తమో మూత్రమో తెలియదు. సూదితో కొంచెము తీసి చూడవలసినదే.

పెద్దజాతి కుక్కలకు, ముఖ్యముగా రొమ్ము లోతుగా నుండు వానికి, కడుపు ఉబ్బి మెలిపడు జబ్బు ఒకటి కలదు. వాంతి రాక ఊరక ఓకిరించుట, కడుపు డోలువలె బిగియుట దాని గుర్తులు. ఇచట ఎక్సురేకు సాటి లేదు, ఏలయన ఉబ్బిన కడుపులోని గాలిని అల్ట్రాసౌండు దాటి చూడలేదు. అయితే ఒక్క చిత్రము చాలును. కుక్కను కుడిప్రక్కకు పరుండబెట్టి తీసినచో, మెలిపడిన కడుపు నడుమ అడ్డుగీతతో రెండు బుడగలవలె కనబడును. ఉబ్బుట మాత్రమే యైనచో గొట్టముతో గాలి తీసి నయము చేయవచ్చును. మెలిపడినచో శస్త్రచికిత్స తప్పదు. ఈ భేదమును తేల్చుటకే ఆ ఒక్క చిత్రము. కుక్క షాకులో నున్నచో ముందు నరములోనికి ద్రవములు, ఉబ్బిన కడుపునుండి గాలి తీయుట, చిత్రము తరువాత.

మామిడి టెంకె, గుడ్డపీలిక, పిల్లలు ఆడు రబ్బరుముక్క వంటివి మ్రింగి ప్రేగులో అడ్డుపడిన కుక్కలను వేసవిలో తరచుగా చూతుము. వీనిలో పెక్కు ఎక్సురేలో నేరుగా కనబడవు. అడ్డునకు వెనుక ఉబ్బిన ప్రేగు మాత్రము కనబడును. అల్ట్రాసౌండులో వస్తువు క్రింద నల్లని నీడ పడుటచే గుర్తింపవచ్చును. పూర్వము ఇట్టిచోట బేరియము త్రాగించి వరుసగా చిత్రములు తీయుచుండిరి. ప్రేగునకు రంధ్రము పడినదను అనుమాన మున్నచో ఆ పని ఎన్నడును కూడదు. బేరియము కడుపుకుహరమున పడినచో తీవ్రమైన వాపు పుట్టించును, దానిని కడిగి తీయుటయు కష్టము. అట్టి సందర్భమున విద్యుదావేశములేని అయొడిను మందులు మేలు. పాతరకపు అయొడిను మందులు శరీరములోని నీటిని ప్రేగులోనికి లాగికొనును. అసలే వాంతులతో ఎండిపోయిన పశువును ఇంకను ఎండించును. విడువక వాంతి చేసికొను పశువునకు ఏ మందైనను నోట పోయుట, అది ఊపిరితిత్తులలోనికి దిగునేమో అని భయపడవలసిన పనియే.

ఇక ఆవులు, గేదెలు. ఈ విషయమున మన రైతు కుటుంబములకు అనుభవ మెక్కువ గనుక కొంత విపులముగా వ్రాయుచున్నాను. ఆవు మేతను నమలి చూచి మ్రింగదు. గబగబ మ్రింగి తరువాత నెమరు వేయును. చొప్ప కోయు యంత్రమునుండి తెగిపడిన తీగముక్కయో, గోడకు కొట్టిన మేకో, పట్టణములలోనైన చెత్తకుండీలోని సూదియో మేతతోపాటు లోనికి పోవును. బరువైన లోహము తేనెపట్టువంటి గదులుగల రెండవ పొట్టలో చిక్కును. ఆ పొట్ట ముడుచుకొన్నప్పుడెల్ల తీగ గోడను గ్రుచ్చును. ఆ పొట్టకు ముందు ఉదరవితానము, దానికి ముందు గుండె; మధ్యదూరము బహుస్వల్పము. తీగ గుండెపొరను చేరి చీము పట్టించినచో మెడనరములు ఉబ్బును, గంగడోలు వద్ద నీరు దిగును. ఆ దశలో సాధారణముగా బ్రదుకు ఆశ తక్కువ.

ఈ ఆవునకు ఏ పరీక్ష? తీగను చూపునది ఎక్సురేయే. కాని నిండు ఆవు దేహమును దాటుటకు బలమైన యంత్రము కావలెను. కుక్కలకు వాడు చిన్న యంత్రములు చాలవు. పెద్ద పశువును నిలువబెట్టి ప్రక్కనుండి చిత్రము తీయగల సదుపాయము సాధారణముగా పశువైద్య కళాశాలల యనుబంధ వైద్యశాలలలో నుండును. ముంబయి పరేలులో 1886లోను, చెన్నై వేపేరిలో 1903లోను, బెంగుళూరు హెబ్బాళములో 1958లోను ఏర్పడిన కళాశాలలు మనవారిలో పెక్కుమందికి సమీపములోనివే. కాని గుండెవరకు తీగ పోయిన ఆవును లారీ ఎక్కించి నూరు మైళ్లు కుదుపుచు తీసికొనిపోవుట పరీక్షకంటె పెద్ద అపాయము. అందుచే మొదట కొట్టములోనే, నిలుచున్న ఆవునకే అల్ట్రాసౌండు చేయుట వివేకము. దానికి తీగ కనబడుట అరుదు. తీగ చేసిన చెరుపు కనబడును. ఆరోగ్యముగల ఆవునకు రెండవ పొట్ట సుమారు నిమిషమునకు ఒకసారి ముడుచుకొనును. గ్రుచ్చుకొన్న చోట ఆ కదలిక మందగించును, పొట్టకు ఉదరవితానమునకు నడుమ పీచువంటి పదార్థమో చీముగడ్డయో కానవచ్చును. గుండెచుట్టు చీము చేరినచో అదియు తెలియును. అప్పుడు ఆవును ఎక్కడికో త్రిప్పి, డబ్బు వ్యయపరచి, బాధపెట్టవలసిన పనియుండదు. తీగ ఇంకను పొట్టకే పరిమితమైనచో ప్రయాణము, శస్త్రచికిత్స సార్థకములు.

ముందు జాగ్రత్తగా అయస్కాంతము మ్రింగించిన ఆవులలో ఎక్సురేకు వేరొక ప్రయోజనము కలదు. తీగ అయస్కాంతమునకు అంటుకొని పడియున్నదా, లేక విడిగా గోడలో దిగియున్నదా అనునది చిత్రములో తేలును. అంటుకొన్న తీగకు భయపడ నక్కరలేదు.

గేదెలలో ఇంకొక విశేషము. మన దేశపు గేదెలలో ఉదరవితానము చినిగి, రెండవ పొట్ట రొమ్ములోనికి చొచ్చుకొనిపోవు జబ్బు ఆవులకంటె ఎక్కువగా కనబడును. మాటిమాటికి కడుపుబ్బరము, పేడ తగ్గుట, నల్లబడుట దాని లక్షణములు. ఇట్టి గేదెను చిత్రముకొరకు పడవేసి వెల్లకిల త్రిప్పుట మహాపాయకరము. పొట్టలోని పదార్థము గొంతులోనికి పొంగి ఊపిరితిత్తులలో దిగవచ్చును. రొమ్ములోని పొట్ట గుండెను నొక్కవచ్చును. నిలువబెట్టి అల్ట్రాసౌండు చేసి, రొమ్ముగోడ వెనుక పొట్ట ముడుచుకొనుచుండుట చూచినచో జబ్బు దొరకినట్లే. ఉబ్బిన పశువును ఎన్నడును పడవేయరాదని మన రైతులకు తెలిసినదే; పరీక్షాగదిలోను అదే నియమము.

మూత్రము బిగిసిన పోతుపిల్లి, ఎద్దు, పొట్టేలు - వీనిలో రాయి ఎక్కడ నున్నదో చూచుటకు ఎక్సురే ఉపకరించును. అయినను మూత్రము నిలిచిన కొలది రక్తములో పొటాసియము పెరిగి గుండెను నిలిపివేయును. దానిని సరిచేయకముందు మత్తిచ్చి బల్లమీద నుంచుట దుస్సాహసము. మూత్రాశయము నిండియున్నదా, పగిలినదా అనునది అల్ట్రాసౌండు చెప్పగలదు. ఆ క్షణమున కావలసినదియు అంతియే.

ఈనలేక బాధపడు కుక్క విషయమున అల్ట్రాసౌండు చెప్పు సంగతి మరి దేనివలనను తెలియదు. గర్భములోని పిల్లల గుండె నిమిషమునకు 200 సార్లకు పైబడి కొట్టుకొనుట సామాన్యము. అది 150కి దిగినచో ఆ పిల్ల ప్రాణాపాయములో నున్నది, కడుపు కోసి తీయుట ఆలస్యము చేయరాదు. పిల్లలెన్ని, మార్గమున అడ్డుపడినదెట్టిది అనునది ఎక్సురే చూపును. నెలలు నిండిన పిల్లలకు ఒక చిత్రమువలని హాని స్వల్పము గనుక, అవసరమైనచో వెనుదీయ పనిలేదు.

సి.టి., ఎం.ఆర్.ఐ.లను గూర్చి ఎక్కువ వ్రాయ నక్కరలేదు. తలకు దెబ్బ తగిలినచో పుర్రె పగులును, అప్పటి రక్తస్రావమును సి.టి. త్వరగా చూపును. నూతన యంత్రములు క్షణములలో పని ముగించుటచే మత్తు తక్కువతో సరిపోవచ్చును. ఎం.ఆర్.ఐ.కి మాత్రము దీర్ఘకాలపు మత్తు తప్పదు. శరీరములో తుపాకిగుండో ఇనుపముక్కయో ఉన్నదను అనుమానమున్నచో దాని దరికి పోరాదు. నా యభిప్రాయమున, అది నిలకడపడిన పశువునకే గాని ప్రాణము కొట్టుకొనుచున్న పశువునకు తగినది కాదు.

కిరణముల భయము పశువు విషయమున స్వల్పమని మొదట చెప్పితిని. పశువును పట్టుకొను మనిషి విషయమున అట్లు చెప్పజాలను. పశువునకు ఒకటి రెండు చిత్రములు. పట్టుకొను సేవకునకు ఏటికి కొన్ని వందలు. మన దేశములో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నియమముల ప్రకారము, కిరణములతో పనిచేయువారికి ఐదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు, సామాన్య ప్రజలకు 1 మిల్లీసీవర్టు హద్దు. గదిలోనికి వచ్చిన యజమాని సామాన్య ప్రజలలోనివాడే. "నేను లేకున్న మా కుక్క బెదరును" అని పట్టుకొన బోవుట ప్రేమయే. కాని దిండ్లు, ఇసుకసంచులు, కట్లు, అవసరమైనచో కొంచెము మత్తు - వీనితో పని జరుగునప్పుడు మనిషి చేయి అచట ఉండరాదు. గర్భిణులు, పదునెనిమిదేండ్లు నిండనివారు గదిలో నుండనే కూడదు. సీసపు ఏప్రను చుట్టుప్రక్కల చెదరు కిరణములను ఆపును గాని, నేరుగా వచ్చు కిరణములనుండి కాపాడజాలదు. అన్నిటికంటె చవుకైన రక్షణ దూరము: యంత్రమునకు రెండింతలు ఎడముగా నిలిచినచో కిరణముల తీవ్రత నాల్గవ వంతునకు దిగును.

చివరగా మనకు ప్రత్యేకమైన ఒక చిక్కు. పరీక్షను ఎంచుకొనుటకు వైద్యునకు ఆధారము యంత్రముకంటె ముందు యజమాని చెప్పు మాట. పాడిపశువు విషయమున వైద్యుడు అడుగు తొలి ప్రశ్నలలో నెమరు వేయుచున్నదా అనునది ఒకటి. పరరాష్ట్రములో మన "నెమరు" అర్థము కాకపోవచ్చును. తమిళమున "అసై పోడుదల్", కన్నడమున "మెలుకు", మరాఠీలో "రవంథ్", ఒరియాలో "పాకుళి" - ఈ మాటలను నేర్చియుండుట మేలు; యానామువారికి ఈ బాధ లేదు. దానితోపాటు చివర మేత ఎప్పుడు తిన్నది, చూలుతో నున్నదా, ఏ మందు ఏ వేళ ఇచ్చితిమి, అయస్కాంతము మ్రింగించితిమా, ఇదివరలో ఏ శస్త్రచికిత్స జరిగినది అను సంగతులను ఒక చీటీపై వ్రాసికొని, పాత ఎక్సురే చిత్రములున్నచో వానిని గూడ వెంట తీసికొనిపోవలెను. నిరుడు తీసిన చిత్రముతో పోల్చి చూచి, ఈసారి క్రొత్తది అక్కరలేదని వైద్యుడు నిర్ణయించిన సందర్భములును కలవు.